కార్డు ఉంది, దవాఖాన జాబితాలో లేదు
(బోధన్‌లో జరిగిన సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈసారి మీటింగులో ధాన్యం కొనుగోలు, యూరియా గురించి మాట్లాడాలని అనుకున్నాం. కానీ ఈ మధ్య సంఘం ఆఫీసుకు వచ్చేవాళ్ల చేతుల్లో తూకం చిట్టీల కంటే దవాఖాన బిల్లులే ఎక్కువ కనిపిస్తున్నాయి. పంట పోతే వచ్చే యాసంగికి లేచి నిలబడతాం. దవాఖాన బిల్లు మీద పడితే ఎకరం, అరెకరం అమ్ముకోవాల్సి వస్తుంది. అందుకే ఈ రోజు దీని గురించే మాట్లాడతాను.

ముందు మా ఇంటి ముచ్చట. రెండేళ్ల కింద వరికోతల టైములో మా అన్నకు రాత్రిపూట ఛాతీలో నొప్పి వచ్చింది. ఎవరో చెప్పిన దవాఖానకు నిజామాబాద్ తీసుకుపోయాం. కౌంటరులో రేషన్ కార్డు, ఆధార్ అడిగితే ఇచ్చాం. కార్డు తీసుకున్నారు కాబట్టి ఆరోగ్యశ్రీ కింద చేర్చుకున్నారని అనుకున్నాం. స్టెంటు వేసిన మూడో రోజు 2 లక్షల 40 వేల బిల్లు చేతిలో పెట్టారు. ఆ దవాఖాన ఆరోగ్యశ్రీ జాబితాలో లేదని అప్పుడు తెలిసింది. ఆడ్తి సేటు దగ్గర మిత్తికి తెచ్చి కట్టాం. అన్న ప్రాణం దక్కింది, సంతోషమే. కానీ వాళ్లు చెప్పలేదు, మేము అడగలేదు. ఆ ఒక్క మాట అడగనందుకు రెండు పంటల పైసలు పోయాయి.

మన దగ్గర మూడు రకాల బీమాలు ఉన్నాయి. ఏది దేనికి పనికొస్తుందో ముందు తెలుసుకోవాలి.

మొదటిది రైతు బీమా. 2018 ఆగస్టులో మొదలైంది. 18 నుంచి 59 ఏళ్ల లోపు పట్టాదారు చనిపోతే నామినీకి 5 లక్షలు వస్తాయి. దవాఖాన ఖర్చుకు ఇందులో ఒక్క రూపాయి రాదు. "రైతు బీమా ఉంది కదా" అని ధీమాగా దవాఖానలో చేరినవాళ్లను నేను చూశాను.

రెండోది ఆరోగ్యశ్రీ. 2007లో వచ్చింది. మన రాష్ట్రంలో 2023 డిసెంబర్ 9 నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షల వరకు పెంచారు. దీనికి తోడు ఆయుష్మాన్ భారత్ ఉంది. 2024 అక్టోబర్ నుంచి 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా 5 లక్షల వరకు ఇస్తున్నారు. ఈ రెండూ జాబితాలో ఉన్న దవాఖానల్లోనే పనిచేస్తాయి. ఎందుకంటే ఏ ఆపరేషన్‌కు ఎంత అని ప్రభుత్వం ఆ దవాఖానలతో ముందే ఒప్పందం చేసుకుంటుంది, డబ్బు నేరుగా వాళ్లకే కడుతుంది. బయటి దవాఖానతో ఒప్పందం ఉండదు. అక్కడ మనం కట్టి, తర్వాత బిల్లు పట్టుకుపోతే ఆరోగ్యశ్రీ వాపసు ఇవ్వదు. ఇంకో మెలిక ఉంది. జాబితాలో ఉన్న దవాఖాన కూడా అన్ని రోగాలకూ ఉండకపోవచ్చు. ఎముకలకు ఉండి గుండెకు లేకపోవచ్చు.

మూడోది మనం సొంతంగా ప్రీమియం కట్టే పాలసీ. ఇందులో జాబితా బయట చేరినా బిల్లులు పెట్టి క్లెయిమ్ అడగవచ్చు. కానీ కంపెనీకి వెంటనే తెలియజేయాలి. 2024 జనవరి నుంచి జాబితాలో లేని దవాఖానల్లోనూ నగదు లేకుండా వైద్యం చేయించే ఏర్పాటు తెచ్చారు. దానికి ముందే అనుకున్న ఆపరేషన్ అయితే 48 గంటల ముందు, అత్యవసరమైతే చేరిన 48 గంటల లోపు కంపెనీకి చెప్పాలి. గది అద్దె పరిమితి కూడా చూసుకోండి. రోజుకు 3 వేల పరిమితి ఉన్న పాలసీతో 6 వేల గది తీసుకుంటే అద్దెతో ఆగదు, డాక్టరు ఫీజు లాంటివి కూడా సగానికి కోసేయవచ్చు. క్లెయిమ్ అన్యాయంగా కొట్టేస్తే ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. న్యాయం జరగకపోతే హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఏడాది లోపు రాయవచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

ఇక దవాఖాన గడప దగ్గర ఏం చేయాలి? సంతకం పెట్టే ముందు ఒకటే మాట అడగండి: "ఈ రోగానికి, ఈ దవాఖానలో, ఈ కార్డు నడుస్తుందా?" జాబితాలో ఉన్న దవాఖానలో ఆరోగ్యమిత్ర ఉంటారు, వారిని కలవండి. లేదా 104కు ఫోన్ చేయండి. కార్డు నడవదంటే ఎంత ఖర్చవుతుందో కాగితం మీద రాసి ఇవ్వమనండి. రేట్లు తెలుగులో, ఇంగ్లీషులో అందరికీ కనిపించేలా బోర్డు పెట్టాలని క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నిబంధనలు చెబుతున్నాయి. బోర్డు లేకపోతే జిల్లా వైద్యాధికారికి ఫిర్యాదు చేయవచ్చు.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు జాబితా చూసుకుంటూ కూర్చోలేం. దగ్గర ఏది ఉంటే అక్కడికే పోవాలి. ప్రైవేటు అయినా సర్కారు అయినా అత్యవసర వైద్యం చేయాల్సిందేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. రోగి కుదుటపడ్డాక డాక్టరును అడిగి, జాబితాలో ఉన్న దవాఖానకో, నిజామాబాద్ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికో, హైదరాబాద్‌లో నిమ్స్‌కో మార్చుకోవచ్చు.

డబ్బు కట్టాల్సి వస్తే వివరంగా రాసిన బిల్లు, రసీదులు, రిపోర్టులు, డిశ్చార్జి కాగితం అన్నీ అసలువే తీసుకోండి. ఎమ్మెల్యే సిఫారసుతో ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు చేసుకోవచ్చు. బిల్లంతా రాదు, కొంత వస్తుంది. మా అన్న విషయంలో రసీదులు కొన్ని పోగొట్టుకుని అదీ రాలేదు.

మిత్రులారా, ఇదంతా మనం పడాల్సిన జాగ్రత్త. కానీ తప్పంతా మనదే అనుకోవద్దు. శివకాంత్ ఝా అనే కేంద్ర ప్రభుత్వ పెన్షనర్ అత్యవసరంలో జాబితాలో లేని దవాఖానలో చేరారు. దవాఖాన పేరు జాబితాలో లేదన్న ఒక్క కారణంతో బిల్లు నిరాకరించకూడదని 2018 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆ తీర్పు ఉద్యోగుల పథకం గురించి. మరి ఉద్యోగి గుండెకూ రైతు గుండెకూ తేడా ఏమిటి?

అందుకే సంఘం తరఫున మూడు డిమాండ్లు పెడుతున్నాం. అత్యవసరంలో బయటి దవాఖానలో చేరిన కార్డుదారుకు కనీసం ఆరోగ్యశ్రీ రేటు ప్రకారం డబ్బు వాపసు ఇవ్వాలి. జాబితాలో లేని ప్రతి దవాఖాన "ఇక్కడ ఆరోగ్యశ్రీ లేదు" అని కౌంటరు దగ్గర పెద్ద అక్షరాలతో రాయాలి. జాబితాలోని దవాఖానలకు బకాయిలు ఎప్పటికప్పుడు కట్టాలి. 2025లో బకాయిల గొడవతో ప్రైవేటు దవాఖానలు ఆరోగ్యశ్రీ సేవలు ఆపితే ఇబ్బంది పడింది మనమే.

2015లో మూతపడ్డ చక్కెర ఫ్యాక్టరీ కోసం ఇన్నేళ్లుగా కొట్లాడుతున్నాం. దీనికి కూడా కొట్లాడదాం. ఈ లోపు ప్రతి ఊరి కమిటీ ఒక పని చేయాలి. మన జిల్లాలో ఏ దవాఖానలో ఏ రోగానికి కార్డు నడుస్తుందో 104లో కనుక్కుని, పంచాయతీ గోడ మీద రాయించండి. మీ దగ్గరున్న బిల్లుల నకళ్లు వచ్చే మీటింగుకు తెండి. వాటినే ముందు పెట్టి కలెక్టర్‌ను కలుద్దాం.

సెలవు.