అమెరికాలో వృద్ధుల అద్దెయిండ్లు



నేడు మన పల్లెలలో అమెరికాకు బిడ్డలను పంపని వీధి యరుదు. ఆ బిడ్డల వెంట తల్లిదండ్రులును కొందఱు వెడలి అచ్చటనే స్థిరపడుచున్నారు. కొడుకు కోడండ్రతో కలసియుండుట కొందఱికి సాగును, కొందఱికి సాగదు. సాగనివారిలో అర్హత గలవారు, ఆ దేశపు పేదవృద్ధులవలెనే, ప్రభుత్వసహాయము గల అద్దెయింటికై దరఖాస్తు పెట్టుకొందురు. పెట్టుకొన్న పిమ్మట నేమగునో మీకు మనవి చేసెదను.

1959వ సంవత్సరపు గృహనిర్మాణ చట్టములోని 202వ విభాగము ననుసరించి, అచ్చటి ప్రభుత్వము ధర్మసంస్థలకు అప్పులిచ్చి వృద్ధులకై యిండ్లు కట్టించినది. 1990లో పద్ధతి మాఱినది. అప్పునకు బదులు పెట్టుబడి యిచ్చి, ఆ యిండ్లను 40 ఏండ్లు పేదవృద్ధులకే యుంచినచో తిరిగి చెల్లింప నక్కఱలేదనిరి. వికలాంగులకై 811వ విభాగమును అప్పుడే యేర్పడినది. 202వ విభాగపు టిండ్లకు 62 ఏండ్లు నిండవలెను. రాబడి ఆ ప్రాంతపు మధ్యమాదాయములో సగమునకు మించరాదు. తీసివేతలు పోగా మిగిలిన రాబడిలో నూటికి 30 వంతులు అద్దె. రాబడి తగ్గిన అద్దెయు తగ్గును. ఏర్పాటు మంచిదే, చిక్కంతయు ఇండ్ల లెక్కలో నున్నది.

వృద్ధాప్యపు పింఛను అర్హులందఱకు హక్కుగా లభించును. ఇల్లట్లు కాదు. శాసనసభ ఆ యేట కేటాయించిన ద్రవ్య మెందఱకు చాలునో అందఱకే. అద్దెసహాయమునకు తగిన కుటుంబములలో ఇంచుమించు నాల్గింట నొకదానికే యది దొరకుచున్నది. లాస్ ఏంజిలిస్ నగరములో అన్ని వయసులవారికిని చెందిన అద్దెసహాయ పట్టికను 2004 తరువాత 2017 దాక తెఱువనేలేదు. 2022లో మఱల తెఱచినప్పుడు రెండు లక్షలకు పైగా పేర్లు రాగా, లాటరీ వేసి 30,000 పేర్లను చేర్చుకొనిరి. వారికి దొరకినది ఇల్లనుకొనెదరేమో. వరుసలో చోటు మాత్రమే.

మన సత్రములో దిగిన బాటసారి నేడో రేపో మూట కట్టుకొని వెడలును. ఆ వృద్ధుల భవనములో చేరినవారు చాలవఱకు కడదాక అచ్చటనే యుందురు. ఒకరు కన్నుమూసిననో, మంచమున పడి శుశ్రూషాలయమునకు పోయిననో గాని ఒక తలుపు తెఱచుకొనదు. పట్టిక కదలుట యట్లు. ముప్పదియేండ్లవాడు పదియేండ్లు వేచిన నలువదియేండ్లవాడగును. డెబ్బదిరెండేండ్ల ముదుసలి పదియేండ్లు వేచిన నేమగునో మన యీడువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇంతకంటె నన్ను బాధించిన సంగతి యొకటి కలదు. నా పూర్వశిష్యుని తల్లి అచ్చట నాలుగేండ్లు ఒక పట్టికలో నుండెను. కూతురి పురిటికై ఆమె వేఱొక యూరికి వెళ్లి ఆఱుమాసములుండగా, “మీకింకను ఇల్లు కావలయునా?” యని పాత చిరునామాకు జాబు వచ్చినది. ఆంగ్లపు జాబు, ప్రకటనల కాగితములలో కలసిపోయినది. గడువులోపల జవాబు రాలేదని పేరు కొట్టివేసిరి. ఆమె మఱల తోకను చేరినది. చచ్చినవారి పేర్లను, వలసపోయినవారి పేర్లను తీసివేయుట న్యాయమే. నేనును బడి హాజరుపట్టికలో పేర్లు కొట్టివేసినవాడనే, కాని పిల్లవాని యింటికి మనిషిని పంపిన తరువాతనే. ఒక్క జాబుతో సరిపెట్టుట నాకు నచ్చదు. అంగవైకల్యముచేతనే జవాబీయలేకపోయినవారికి, అద్దెసహాయ పత్రముల పట్టికలో పూర్వస్థానము తిరిగి యీయవలెనని నిబంధన యున్నది. దాని నెఱిగి అడుగువారు కావలెను.

చక్రములకుర్చీ కనువైన యిల్లు ఖాళీయైనచో ముందు ఆ భవనములోనే దాని యవసరము గలవారికి, పిదప పట్టికలో నట్టివారికి, తరువాతనే తక్కినవారికి ఇత్తురు. కాబట్టి నడువలేనివారు దరఖాస్తులో ఆ సంగతి దాచరాదు. మనవారు సిగ్గుపడి దాచెదరు.

వృద్ధుల భవనములలో సాధారణముగా దేని పట్టిక దానిది. ఒకచోట పేరున్నంతమాత్రమున నింకొకచోట నుండదు. మీ బంధువు లెవరైన అచ్చట వేచియున్నచో, ఈసారి టెలిఫోనులో క్షేమసమాచారములైన పిమ్మట రెండు ప్రశ్నలడుగుడు: పేరు ఎన్ని పట్టికలలో నున్నది? జాబు ఎవరి యింటికి వచ్చును?