మాల తీసిన మరునాడు



సురాపానమును శాస్త్రము పంచమహాపాతకములలో నొకటిగా గణించినది. ఇది అందరెరిగిన మాటయే. అయితే పాతకమును చెప్పిన శాస్త్రమే ప్రాయశ్చిత్తమునుకూడ చెప్పినది. అనగా పడినవాడు లేవవచ్చుననియే దాని యభిప్రాయము. లేచినవాడు మరల పడకుండ పట్టుకొనువారెవరు? నేడు మనము విచారింపవలసినది ఇదియే.

మౌసలపర్వమును స్మరింపుడు. ద్వారకలో ఎవ్వరును సురను చేయరాదనియు, చేసినవానిని బంధుసహితముగా కొఱత వేయుదుమనియు చాటింపు వేసిరి. ప్రాణభయముచేత యాదవులు లోబడిరి. కాని తీర్థయాత్రకని ప్రభాసమునకు బయలుదేరినపుడు మద్యమును వెంట గొనిపోయిరి. అచ్చట త్రాగి, మాటకు మాట పెరిగి, ఒకరినొకరు చంపుకొనిరి. చాటింపు నగరపు పొలిమేరవరకే కాచినది.

మన కాలమునందును, నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు లేవదీసిన ఉద్యమము వ్యాపించి, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1993లో సారా నిషేధము, 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినవి. 1997లో ఆ సంపూర్ణ నిషేధము తొలగినది. శాసనము అవసరమే, శాసన మొక్కటియే చాలదు.

ఇక అయ్యప్ప దీక్షను చూడుడు. ఏండ్ల తరబడి త్రాగినవాడు మాల వేసికొని 41 దినములు సీసా ముట్టడు. ఇది ఎట్లు సాధ్యమైనది? మనోబలమొక్కటియే కారణము కాదు. తెల్లవారుజామున చన్నీటి స్నానమునకు లేపువారున్నారు. పూర్వము బ్రాందీకొట్టునకు పోవు వేళకే సన్నిధానమున భజన యున్నది. పరుండుటకు చాపయు, ప్రక్కన పదిమంది స్వాములును ఉన్నారు. నిన్నటివరకు తాగుబోతని పిలిచిన ఊరు నేడు ‘స్వామీ’ యని పిలుచుచున్నది. ఇల్లాలును అట్లే పిలుచును. ఆ పిలుపు వానిని నిలబెట్టుచున్నది.

మరి మాల తీసిన మరునాడు? పందిరి విప్పుదురు. పదిమందియు పది దారులు పట్టుదురు. పాత పేరు తిరిగి వచ్చును. సాయంకాలము మాత్రము ప్రతిదినమును వచ్చుచునే యుండును. కొండనుండి తిరిగివచ్చు దారిలోనే త్రాగువారు కలరు. వానిని నిందించుట సులభము. కాని 41 దినములు మనుష్యునిగా చూచిన భర్తను 42వ నాడు పోగొట్టుకొను ఇల్లాలి దుఃఖమునకు మన నింద ఔషధము కాదు.

కావున ధర్మకర్తలకును గురుస్వాములకును మేము మూడు విన్నపములు చేయుచున్నాము.

మొదటిది: నిత్యము అధికముగా త్రాగువానికి మాల వేయుటకు ముందు వైద్యునికి చూపుడు. అట్టివాడు ఒక్కసారిగా మానినచో చేతులు వణకును, నిద్ర పట్టదు. కొందరికి మూర్ఛలు వచ్చును. రెండు మూడు దినములకు లేనివి కనబడి, మతి చలించి, ప్రాణమునకే ముప్పు కలుగవచ్చును. దానిని పూనకమని భ్రమించి హారతి యిచ్చుచు కూర్చుండరాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. వైద్యము భక్తికి విరోధి కాదు.

రెండవది: దీక్ష ముగిసినను ఆలయమున ఒక గదిని సాయంకాలము తెరచి యుంచుడు. కర్ణాటకమున ధర్మస్థల క్షేత్రమువారి తోడ్పాటుతో గ్రామములందు మద్యవర్జన శిబిరములు జరుగుచున్నవి. సుమారు వారము దినములు అచ్చటనే యుంచుకొని, భోజనము పెట్టి, చికిత్సయు హితబోధయు చేయుదురు. శిబిరము ముగిసిన పిమ్మట మానినవారు ‘నవజీవన సమితి’గా కూడి, తరచు కలిసికొనుచుందురు. వారు మరునాటిని మరువలేదు.

మూడవది: మరల త్రాగినవాడు గడపకడకు వచ్చినచో తరిమివేయకుడు. మత్తు దిగువరకు ఆగి, పిలిచి కూర్చుండబెట్టుడు. వాని యింట దెబ్బలు తినుచున్న స్త్రీకిని బిడ్డలకును మొదట రక్షణ కల్పింపుడు. క్షమించుమని ఆమెను నిర్బంధించుట ధర్మము కాదు.

మాల వేయువేళ మంత్రము చెప్పుటకు మావంటి వారుందురు. తీసిన మరునాటి సాయంకాలము వాని యింటికి పోయి, ‘స్వామీ, గుడికి పోదము రండు’ అని పిలువవలసినవారు మీరు.

శుభం భూయాత్.