రాయిని ఊపే ముందు స్కాన్ చూడాలె
(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి అంటే నూలు లెక్క, బట్టల లెక్క చెప్తడనుకుంటరు. ఆ లెక్కలు నివేదికలో అచ్చయినయి, చదువుకోండి. నేను ఈ కాసేపు మూత్రంలో రాళ్ల గురించి మాట్లాడతా. సభలో ఇదేం ముచ్చట అని ఒకరిద్దరు నవ్విన్రు. ఆ నొప్పి ఒకసారి వచ్చినోళ్లు నవ్వరు. నేను ఎనిమిదో తరగతి చదివినోణ్ని, డాక్టర్లను అడిగి తెలుసుకున్నదే చెప్తున్న.

మన ఊరి ఎండ మీకు తెలుసు. కొన్ని ఏండ్లు మే నెలలో 47 డిగ్రీలు దాటుతది. గుంట మగ్గంలో కూర్చున్నోడు చెమట కారుస్తడు గాని, లేస్తే పని ఆగుతదని దూప ఆపుకుంటడు. ఆడవాళ్లు మాటిమాటికి బయటికి పోవాల్సొస్తదని ఇంకా తక్కువ తాగుతరు. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడి, అందులోని లవణాలు గడ్డకట్టి రాయి అయితది. కిడ్నీలో ఉన్నన్ని రోజులు చాలామందికి తెలియదు. కిందికి జారి మూత్రనాళంలో ఇరుక్కుంటేనే నడుము పక్క నుంచి గజ్జల దాకా పొడుస్తది, వాంతులైతయి.

ఆ నాళం సుమారు 25 సెంటీమీటర్ల పొడుగు, లోపలి సందు 3, 4 మిల్లీమీటర్లే. మన అచ్చులోంచి పడుగు పోగు పోయినట్టు అనుకోండి. పోగుకు చిన్న ముడి ఉంటే కొంచెం కదిలిస్తే దాటిపోతది. పెద్ద ముడి ఉంటే మగ్గం మొత్తం ఊపినా పోదు, పోగు తెగుతది. రాయి సంగతీ అంతే. 5 మిల్లీమీటర్ల లోపుదైతే మూడింట రెండు వంతుల మందికి తనంత తానే పడిపోతది. 5 నుంచి 10 మధ్యలో ఉంటే సగం మందికే.

ఇప్పుడు అసలు సంగతి. కోత లేకుండా వైబ్రేషన్‌తోటి రాయి పడగొట్టే మిషన్ వచ్చిందని ఫోన్లలో తిరుగుతున్నది. అబద్ధం కాదు, సగం నిజం. చైనాలో అసుంటి మంచం వాడుతున్నరు. రోగికి నీళ్లు బాగా తాగించి పడుకోబెట్టి, మంచం వంచి, ఒంటికి వైబ్రేషన్ పెడతరు. రాయి ఎక్కడున్నదో స్కాన్‌ల చూసుకొని చేస్తరు. ఎక్కువగా వాడేది రాయిని ముందే లేజర్‌తోటో, షాక్‌వేవ్‌తోటో నలగ్గొట్టినంక మిగిలిన ముక్కలు తొందరగా పడటానికి. ఆ పని అది బాగనే చేస్తదని అక్కడి డాక్టర్ల పరీక్షల్లో తేలింది. షాక్‌వేవ్ వేరు, అది 1980లో జర్మనీలోని మ్యూనిక్‌లో మొదలైంది. షాక్‌వేవ్ రాయిని పగలగొడతది, వైబ్రేషన్ పగిలినదాన్ని కదిలిస్తది. రెంటినీ ఒకటనుకోవద్దు.

అమెరికాలో డేవిడ్ వార్టింగర్ అనే డాక్టర్ ఉన్నడు. డిస్నీ పార్కులో జాతర రంగులరాట్నం కంటే జోరుగ ఉరికే రోలర్ కోస్టర్ బండి ఉంటది. అది ఎక్కితే రాళ్లు పడ్డయని రోగులు చెప్తే, ఆయన కిడ్నీ బొమ్మ చేయించి, అందులో మూత్రం, చిన్న రాళ్లు పెట్టి, సంచిలో వేసుకొని మళ్లీ మళ్లీ ఎక్కిండు. ముందు సీట్లల్ల ఆరింట ఒక రాయి కదిలిపోయింది, వెనక సీట్లల్ల దగ్గరదగ్గర మూడింట రెండు. 2016లో అచ్చేసిన్రు, 2018లో ఇగ్ నోబెల్ అనే నవ్వించే బహుమతి గూడ ఇచ్చిన్రు. కాని అది బొమ్మ, అందులోవి చిన్న రాళ్లు, అవీ కిడ్నీలో ఉన్నవే. నాళంలో ఇరుక్కున్న రాయి ముచ్చట కాదది.

ఇదంతా ఎందుకు చెప్తున్న అంటే, మన సంఘంలోనే ఒక తమ్మునికి 9 మిల్లీమీటర్ల రాయి ఉండె. ఎవరో చెప్తే నడుముకు మసాజ్ మిషన్ పెట్టుకున్నడు, గుంతల రోడ్డు మీద బండి నడిపిండు, బీరు గూడ తాగిండు. నాలుగు రోజులకు నొప్పి పోయింది. రాయి పడ్డదని ఇంట్ల సంబురం చేసుకున్నరు. రెండు నెలలకు జ్వరం, చలి. స్కాన్ తీస్తే రాయి ఉన్నకాడనే ఉన్నది, మూత్రం ఆగి కిడ్నీ ఉబ్బింది. రాయి తీసిన్రు, మనిషి బతికి మళ్ల మగ్గం ఎక్కిండు. ఆ కిడ్నీ మాత్రం ఇప్పుడు సగం గూడ పనిచేస్తలేదు. నొప్పి పోయిందంటే రాయి పోయిందని కాదు. ఇది ఒక్కటి ఇంట్ల అందరికి చెప్పండి.

అందుకే ముందు స్కాన్, తర్వాతనే ఊపుడైనా, గోలీ అయినా. చిన్న రాయైతే నొప్పికి మందు, డాక్టర్ అవసరమనుకుంటే నాళాన్ని సడలించే టామ్సులోసిన్ లాంటి గోలీ రాసిస్తరు. మూత్రాన్ని పలుచని బట్టలో వడగట్టండి, బట్టకు మన ఇండ్లల్ల కరువా! చిక్కిన రాయిని పరీక్షకు తీస్కపోతే అది ఏ రకందో తెలుస్తది. మూడు నాలుగు వారాలైనా పడకపోతే మళ్ల చూపించుకోవాలె. జ్వరంతోటి చలి వస్తే, మూత్రం ఆగితే, వాంతులు ఆగకుంటే తెల్లారే దాకా చూడొద్దు, రాత్రికి రాత్రే దవాఖానకు పోవాలె. గర్భిణులు, ఒక్కటే కిడ్నీ ఉన్నోళ్లు ఉత్త నొప్పికే పోవాలె.

మళ్ల రాకుండ ఉండాలంటే రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేటట్టు నీళ్లు తాగాలె. మన ఎండకు మూడు లీటర్లు తాగినా సరిపోదు. నిమ్మరసం మంచిది, ఉప్పు, పచ్చళ్లు తగ్గించాలె. పాలు బంద్ చేయమని కొందరు చెప్తరు, అది తప్పు. గుండె జబ్బున్నోళ్లు, కిడ్నీ దెబ్బతిన్నోళ్లు నీళ్ల లెక్క డాక్టర్‌నే అడగాలె.

పైసల భయంతోటే మనోళ్లు మసాజ్ మిషన్ దాకా పోతున్నరు. మహాత్మా జ్యోతిరావ్ ఫులే జన ఆరోగ్య యోజన మనకున్నది. రాళ్ల చికిత్స ఏ దవాఖానలో ఆ స్కీము కింద చేస్తరో అక్కడి ఆరోగ్య మిత్రను అడగాలె. కాగితాల పని తెలియనోళ్లు భోజనాలైనంక నా దగ్గరికి రండి. రేషన్ కార్డు, ఆధార్ కార్డు, పాత స్కాన్ రిపోర్టు ఉంటే అదీ తెచ్చుకోండి.