ఒక చెరువు తెగిన అన్నియు తెగవలెనా?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నల్లగొండ, మహబూబునగరం ప్రాంతములలో గొలుసుకట్టు చెరువుల నెరుగనివారు లేరు. పైచెరువు అలుగు పారిన నీరు క్రింది చెరువును నింపును. కాని పైచెరువు కట్ట తెగినచో ఆ వరద క్రింది కట్టలను వరుసగా తెంపును. విద్యుత్ గ్రిడ్డు స్వభావమును ఇట్టిదే.

గ్రిడ్డులో ఉత్పత్తియు, వాడకమును ప్రతిక్షణము సరితూగవలెను. ఆ తూకమును తెలుపునది ఫ్రీక్వెన్సీ. మన దేశమున అది 50 హెర్ట్‌జులు. వాడకము హెచ్చినచో అది తగ్గును. మిక్కిలి తగ్గినచో యంత్రములు చెడకుండుటకై ఉత్పత్తి కేంద్రములు ఆగిపోవును. ఒకటి ఆగిన, దాని భారము తక్కినవానిపై పడును.

2012 జూలై 30న బీనా-గ్వాలియరు లైను అధిక భారము వలన విడివడగా ఉత్తర గ్రిడ్డు కూలెను. మరునాడు ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడును కూలెను. సుమారు 60 కోట్ల జనులు నివసించు ప్రాంతమున విద్యుత్తు నిలిచెను. అప్పుడు దక్షిణ గ్రిడ్డు తక్కినవానితో డి.సి. మార్గములచే మాత్రమే కలిసియుండుట వలన మనము తప్పించుకొంటిమి. 2013 డిసెంబరు 31న, మన పొరుగుననున్న రాయచూరు నుండి షోలాపూరునకు వేసిన 765 కిలోవోల్టుల లైనుతో దేశమంతయు ఒకే గ్రిడ్డైనది. కొరతవేళ విద్యుత్తు తెచ్చుకొను మేలు కలిగెను. బయటి కీడు సోకు దారియు ఏర్పడెను.

దీనికి రెండు కాపుదలలు గలవు. ఫ్రీక్వెన్సీ పడినప్పుడు రిలేలు కొన్ని ఫీడర్లను వాటంతట అవే విడదీయును. ఇది కట్టను కాపాడు అలుగు వంటిది. అప్పటికిని ప్రమాదము తొలగనిచో, ఒక ఉత్పత్తి కేంద్రమును తగినంత వాడకముతో కూడ గ్రిడ్డునుండి వేరుచేయుదురు. దీనిని విద్యుత్ దీవి యందురు. 2012లో ఢిల్లీ యందలి బదర్పూరు కేంద్రము కొంత పరిసర భాగముతో ఇట్లు నిలిచెను. 2020 అక్టోబరు 12న ముంబయి దీవి నిలువలేదు. లోపలి ఉత్పత్తి వాడకమునకు చాలకపోయెను.

మనకు కృష్ణానది గొప్ప అండ. నాగార్జునసాగరము, 900 మెగావాట్ల శ్రీశైలము ఎడమగట్టు కేంద్రము, 234 మెగావాట్ల జూరాల ఈ ప్రాంతముననే యున్నవి. నీరుండినచో జలవిద్యుత్ కేంద్రము కొలది నిమిషములలో నడువగలదు. కూలిన గ్రిడ్డును తిరిగి లేపుటకు మొదట అక్కరకు వచ్చునది అదియే.

ఇక పంచాయతీ పని యేమి? మంచినీటి మోటారు, ఆరోగ్య కేంద్రము ఏ ఫీడరుపై నున్నవో తెలిసికొని, వానిని మొదట విడదీయు వరుసలో చేర్చవద్దని విద్యుత్ అధికారులకు వ్రాతమూలకముగా విన్నవింపుడు. ఓవర్‌హెడ్ ట్యాంకును నింపియుంచుడు. బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు తీసివేయించుడు. మోటారు మొదలగునప్పుడు మామూలుకన్న అయిదారు రెట్లు కరెంటు లాగును. విద్యుత్తు రాగానే ఊరి మోటార్లన్నియు ఒక్కసారి తిరిగినచో ట్రాన్స్‌ఫార్మరు కాలును, కోలుకొనుచున్న గ్రిడ్డు మరల క్రుంగును. కావున రైతులు వంతులవారిగా మోటార్లు వేయునట్లు తీర్మానింపుడు.

ఫీడరు విడివడినప్పుడు సబ్‌స్టేషను ఉద్యోగిని నిందించుటకు ముందు కారణ మడుగుడు. వరదనాడు అలుగు మూసి కట్టను తెంపుకొను గ్రామము లేదు. చెరువునాడు చూపిన ఆ వివేకమునే విద్యుత్తు విషయమునను చూపుదురని మేము విశ్వసించుచున్నాము.