అగ్గిపుల్ల పరీక్ష



ఆమధ్య మా అబ్బాయి దగ్గరికి అమెరికా వెళ్ళాను. వాడుండేది మినెసోటా రాష్ట్రంలో. అక్కడ ఏటా ఆగస్టు నెలాఖర్లో మొదలై 12 రోజులపాటు పెద్ద వ్యవసాయ ప్రదర్శన జరుగుతుంది. మన తిరునాళ్ళే అనుకోండి. రంగులరాట్నాల సంగతి పిల్లలకి వదిలేసి నేను పంటల శాలలో దూరాను. మొక్కజొన్న కంకులూ బంగాళాదుంపలూ వరసగా పేర్చి, మొదటి బహుమతి వచ్చినవాటికి నీలం రిబ్బను కట్టారు. రంగురంగుల గింజలు అతికించి బొమ్మలు కూడా చేస్తారు. మన ముగ్గుల ఓపిక వాళ్ళకీ ఉందండోయ్!

ఒకపక్క తేనె సీసాలు. నీళ్ళలా తెల్లనిది మొదలు కాఫీ డికాషన్ రంగు దాకా ఉన్నాయి. ఆ దేశంలో తేనె రంగులకి ఏడు పేర్లున్నాయట. రంగు ముదిరిందని తరగతి తగ్గించరు. ఏ పువ్వు తేనెకి ఆ రంగు. చూసేదల్లా రుచీ, తేటదనమూ, మైనం నలుసులు లేకపోవడమూ, నీటి పాలూను. నీరు నూటికి 18.6 పాళ్ళు దాటితే మొదటి తరగతి ఇవ్వరు. మన దేశంలో 20 దాకా ఒప్పుకుంటారు.

మావాడు అక్కడే తేనె ఐస్‌క్రీం కొనిచ్చాడు. నాకు గొంతు దిగలేదు. ఎందుకో చెబుతాను.

చాలా ఏళ్ళ కిందట ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్ళి, దర్శనం చేసుకుని పర్ణశాల బయల్దేరాం. దారిలో ఒక కోయ పిల్ల సీసాల్లో తేనె పెట్టుకుని కూర్చుంది. నల్లగా, పలచగా ఉంది. నేను ఊరుకున్నానా! దూది వత్తి ముంచి అగ్గిపుల్ల గీశాను. చిటపటలాడి ఆరిపోయింది. "బెల్లప్పాకం కలిపి మమ్మల్ని మోసం చేస్తావా?" అని నలుగురిలో కేకలేశాను. ఆ పిల్ల మాట్లాడలేదు. సీసాకి మూత బిగించుకుంది, అంతే.

అడవిలో పెద్ద తేనెటీగలు ఎత్తైన చెట్ల కొమ్మలకీ కొండరాళ్ళకీ పట్టు పెడతాయి. ఈగలు ఇంకా మూత వెయ్యని గదుల్లో పచ్చి తేనె ఉంటుంది. అదీ కలిస్తే పలచగానే వస్తుంది. వత్తి పరీక్ష చెప్పేది తడి సంగతే గాని కల్తీ సంగతి కాదు. పేరుకుంటే పంచదార కలిపారనడమూ తప్పే. సీసాని గోరువెచ్చని నీళ్ళలో ఉంచితే కరుగుతుంది. పొయ్యిమీద మాత్రం కాచకండి. పలచటి తేనె త్వరగా పులుస్తుంది కనుక తడి చెంచా పెట్టొద్దు. అన్నట్టు, ఏడాది లోపు పసివాళ్ళ నాలిక్కి తేనె రాయకూడదంటున్నారు డాక్టర్లు. మన ఇళ్ళల్లో ఆ అలవాటు మానాలి.

పూర్వం పట్టంతా కోసి, పిల్లపురుగులతో సహా చేత్తో పిండేవారు. ఇప్పుడు తేనె ఉన్న భాగమే కోసి, పిల్లలున్న భాగం చెట్టుకే వదిలి, తేనెని గుడ్డలో వడగట్టడం నేర్పుతున్నారు. ఆ పట్టు మళ్ళీ పెరుగుతుంది. అంత ఎత్తు చెట్టెక్కి, పొగ పెట్టి, కుట్టించుకుని తెచ్చే సరుకండీ అది.

అమెరికా నుంచి వచ్చాక మళ్ళీ పర్ణశాల వెళ్ళాను. ఆ పిల్ల కనిపించలేదు. ఉన్నా నేను గుర్తుపట్టగలనా? అక్కడే మరో ఆవిడ దగ్గర రెండు సీసాలు తీసుకున్నాను. డబ్బు లెక్కపెడుతుంటే, నేను అడక్కుండానే ఆవిడ కొంగుముడి విప్పి అగ్గిపెట్టె తీసింది. "అంటించి చూసుకోమ్మా" అంది.