అంకె వెనుక మాట: సైబరాబాద్‌లో పౌరసంబంధాల చరిత్ర



ఎవరి పేరున ఈ ఉపన్యాసం జరుగుతున్నదో ఆ మాస్టారు మాకు ప్రెస్ నోట్ రాయడం నేర్పారు. అంతకంటే ముందు, ఆ నోట్‌లోని అంకె ఎవరిచ్చారో కనుక్కుని రమ్మనేవారు. ఆ అలవాటుతోనే సైబరాబాద్ పౌరసంబంధాల చరిత్రను ఒకసారి చూద్దాం.

1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించేనాటికి మాదాపూర్ చుట్టుపక్కల ఎక్కువగా కనిపించేవి బండరాళ్ళే. కంపెనీలు రావాలంటే ముందు ఊరి పేరు బయటికి పోవాలి. ఆ పని ప్రభుత్వమే నెత్తికెత్తుకుంది. అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు కంప్యూటర్ ముందు కూర్చుని పెట్టుబడిదారులకు చేసిన ప్రదర్శనలు పత్రికలకెక్కాయి. మైక్రోసాఫ్ట్ 1998లోనే ఇక్కడ అభివృద్ధి కేంద్రం తెరిచింది. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ హైటెక్ సిటీకి వచ్చారు. ఇదంతా ఏ రకం పౌరసంబంధాలు? పరిశోధకులు జేమ్స్ గ్రూనిగ్, టాడ్ హంట్ 1984లో పౌరసంబంధాలను నాలుగు నమూనాలుగా విభజించారు. వాటిలో మొదటి రెండూ ఒకవైపు నుంచే మాట్లాడేవి: ప్రచారం, సమాచారం. మన తొలి దశాబ్దం దాదాపు అక్కడే గడిచింది. ఊరికి అది అవసరమే. కాని చెప్పడం అలవాటైనంతగా వినడం, ఎదురు ప్రశ్నకు జవాబివ్వడం అలవాటు కాలేదు.

ఆ కాలపు ముద్దుబిడ్డ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్. 1987లో పుట్టి, 2001లో న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజిలో నమోదైంది. 2005లో ఛైర్మన్ రామలింగరాజు చొరవతో మొదలైన 108 అంబులెన్సు ఆయనకు పల్లెపల్లెనా మంచిపేరు తెచ్చింది. 2008 సెప్టెంబరులో ఉత్తమ కార్పొరేట్ పాలనకు గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. పేరుప్రతిష్ఠలను కొలిచే ఏ సర్వే చేసినా ఆనాడు సత్యంకు మంచి మార్కులే పడేవి.

2008 డిసెంబరు 16న ఆ కంపెనీ, రాజు కుటుంబానికే చెందిన రెండు మేటాస్ సంస్థలను 160 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించింది. మదుపరులు మండిపడ్డారు. గంటల్లోనే ప్రకటన వెనక్కు పోయింది. 2009 జనవరి 7న రాజు బోర్డుకు లేఖ రాశారు. ఆ లేఖను అంకెల దగ్గర ఆగి చదవాలి. ఖాతాల్లో చూపిన నగదు, బ్యాంకు నిల్వ 5,361 కోట్ల రూపాయలు. అందులో లేనిది 5,040 కోట్లు. సెప్టెంబరు త్రైమాసికంలో నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు; అసలుది 61 కోట్లు. మేటాస్ కొనుగోలు, లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తులు పెట్టే చివరి ప్రయత్నమని ఆయనే ఒప్పుకున్నారు. ఆ ఒక్కరోజులో షేరు దాదాపు 78 శాతం పడిపోయింది.

ఇక్కడ పరిశోధకులకు ఒక చిక్కు ప్రశ్న ఉంది. చెడువార్తను ఇతరులు బయటపెట్టకముందే సంస్థే చెప్పుకుంటే నష్టం తగ్గుతుందని 2005లో అర్పాన్, రాస్కోస్-ఎవాల్డ్‌సన్ చేసిన ప్రయోగం చూపింది. రాజు తానే చెప్పుకున్నారు కదా, నష్టం ఎందుకు తగ్గలేదు? తిమోతి కూంబ్స్ సంక్షోభ సిద్ధాంతంలో జవాబు దొరుకుతుంది. తుపానులాంటిది వస్తే జనం సంస్థ మీద జాలిపడతారు. తెలిసి చేసిన తప్పయితే పూర్తి బాధ్యత దాని నెత్తినే వేస్తారు. అటువంటప్పుడు మాటల నేర్పు పనిచేయదు. పైగా దారులన్నీ మూసుకుపోయాక వచ్చిన ఒప్పుకోలు అది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

కూంబ్స్ చెప్పిన మరో సంగతి ఆ తర్వాతి వారాల్లో రుజువైంది. బాధితులకు ముందు కావలసింది క్షమాపణ కాదు, తమ సంగతి ఏమవుతుందన్న సమాచారం. సుమారు 53 వేలమంది ఉద్యోగులకు ఒకటే ప్రశ్న: ఈ నెల జీతం పడుతుందా? ఖాతాదారులకు మరో ప్రశ్న: మా పని ఆగుతుందా? కేంద్రం పాత బోర్డును రద్దుచేసి దీపక్ పరేఖ్, కిరణ్ కార్నిక్, సి. అచ్యుతన్‌లను కొత్త బోర్డులో నియమించింది. తర్వాత మరో ముగ్గురిని చేర్చింది. వారు లెక్కలు తిరిగి రాసే పనిని డెలాయిట్, కేపీఎంజీలకు అప్పగించారు. ఫిబ్రవరి 5న కొత్త సీఈఓగా ఏ.ఎస్. మూర్తి పేరును, 600 కోట్ల రుణం సంగతిని ఒకేరోజు ప్రకటించారు. ఏప్రిల్ 13న షేరుకు 58 రూపాయల చొప్పున టెక్ మహీంద్రా కొనుగోలు బిడ్ గెలిచింది. సంస్థను నిలబెట్టింది నినాదాలు కావు. పేరు, తేదీ, మొత్తం ఉన్న ప్రకటనలు, వాటి వెనుక జరిగిన పని. 108 కూడా ఆగలేదు. జీవీకే సంస్థ చేతికి వెళ్ళి నడిచింది. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు సత్యం మోసం కేసులో రాజుతో కలిపి పదిమందిని దోషులుగా తేల్చింది.

ఈనాడు మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా అద్దాల మేడలే. ఉద్యోగాల కోత వార్త కంపెనీ మెయిల్ కంటే ముందు ఉద్యోగుల వాట్సాప్ గ్రూపులో తిరుగుతుంది. ప్రకటన ముసాయిదాను ఏఐ క్షణాల్లో రాసిపెడుతుంది. అందులోని అంకె నిజమని అది పూచీపడదు. అందుకే కమ్యూనికేషన్స్ అధికారిని నిర్ణయం అయిపోయాక నోట్ రాయడానికి కాకుండా, నిర్ణయం జరిగే గదిలోకే పిలవాలి. ఆయనకు ‘ఇది చెప్పలేం, ఎందుకంటే ఇది నిజం కాదు’ అనే అధికారం ఉండాలి. నా వాదన మొత్తం ఇదే.

విద్యార్థులకు ఒక విన్నపం. విదేశీ కేసులు కంఠస్థం చేస్తున్నారు, మంచిదే. సత్యం లేఖ, కోర్టు తీర్పు, ఆనాటి తెలుగు పత్రికలు మన ఊళ్ళోనే దొరుకుతాయి. ఆ రోజుల్లో పనిచేసిన ఉద్యోగులు ఇంకా ఈ రోడ్లమీదే తిరుగుతున్నారు. వాళ్ళను కలవండి, రికార్డు చేయండి, తెలుగులో రాయండి. ఆ పని ఈ ఏడాదే మొదలుపెట్టండి.