రక్తం పడితే అన్నీ మొలలే కావు



విరేచనంలో రక్తం కనిపిస్తే మన నర్సీపట్నంలో ముందు వినిపించే మాట మొలలు. చాలాసార్లు అవే కావచ్చు. అన్నిసార్లూ కాదు. లోపల చూడకుండా ఆ తేడా ఎవరూ చెప్పలేరు, గోడల మీద ప్రకటనలు రాయించుకునే మొలల వైద్యులు అసలే చెప్పలేరు.

పాలిప్ అంటే పెద్దపేగు లోపలి పొర మీద పులిపిరిలా లేచే కండ. కొన్నిటికి పుట్టగొడుగులా కాడ ఉంటుంది. కొన్ని గోడకు అతుక్కుని బల్లపరుపుగా ఉంటాయి, వీటిని కనిపెట్టడమూ, తీయడమూ కష్టమే.

పాలిప్ అనగానే క్యాన్సర్ అని బెంగపడకండి. పేగు చివర ఉండే చిన్న హైపర్‌ప్లాస్టిక్ పాలిప్స్‌తో దాదాపు భయం లేదు. పిల్లలకు వచ్చే జువెనైల్ పాలిప్ ఒక్కటే ఉంటే, తీసేస్తే సరిపోతుంది. జాగ్రత్త పడాల్సింది అడినోమాతో. అందులో ట్యూబులర్ రకం ఎక్కువ, దాని ప్రమాదం తక్కువ. విల్లస్ రకం అరుదు, ప్రమాదం ఎక్కువ. సెంటీమీటరు, అంతకు మించి ఉంటే ఏ రకమైనా తేలిగ్గా తీసుకోకూడదు. సెస్సైల్ సెరేటెడ్ అనే మరో రకం కూడా క్యాన్సర్‌గా మారగలదు.

అడినోమాల్లో ఎక్కువ భాగం ఎన్నటికీ క్యాన్సర్ కావు. మారేవాటికీ సాధారణంగా పదేళ్లు, ఆపైనే పడుతుంది. ఈలోగా కొలనోస్కోపీలోనే తీసేయవచ్చు. అలా తీయించుకున్నవారిలో పెద్దపేగు క్యాన్సర్ రావలసినదానికంటే 76 నుంచి 90 శాతం తగ్గిందని 1993లో అమెరికాలోని నేషనల్ పాలిప్ స్టడీ చూపింది.

ఇంకో సంగతి. కొన్ని కుటుంబాల్లో యుక్తవయసుకే పేగులో వందల పాలిప్స్ పుడతాయి. పేగు తీయించకపోతే నడివయసు నాటికి దాదాపు అందరికీ క్యాన్సర్ వస్తుంది. అలాంటి ఇళ్లలో పిల్లలకు 10–12 ఏళ్లకే పరీక్షలు మొదలుపెట్టాలి. కానీ పెళ్లి సంబంధాలు చెడతాయని తండ్రి జబ్బును పిల్లల దగ్గరే దాచేస్తున్నాం. ఇది వాళ్లకు మనం చేసే అన్యాయం.

పరీక్షకు విశాఖ వెళ్లేవాళ్లు రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పండి. పేగు శుభ్రం కావడానికి ఇచ్చే నీళ్ల మందు మొత్తం తాగండి. రక్తం పడుతుంటే రంజాన్ అయ్యాక చూద్దామని ఆగొద్దు. పాలిప్ తీశాక ముక్క పరీక్ష రిపోర్టు అడిగి తెచ్చుకోండి. మళ్లీ మూడేళ్లకు రావాలా, ఇంకా ఆలస్యంగానా అన్నది ఆ కాగితం చూసే చెబుతారు.